తెల్లవారిన పిమ్మట

ధ్యాన భాగములు: నిర్గమకాండము 22:2-3, ద్వితీయోపదేశకాండము 21:1-9, అపొస్తలుల కార్యములు 23:12-35

మోషే ధర్మశాస్త్రములో దొంగను గూర్చిన విధి యొకటి కలదు. పది ఆజ్ఞలు వినిపించిన కొద్ది సేపటికే, పొడిచెడి ఎద్దు, మూతలేని గొయ్యి, పరుని చేను మేసిన పశువు, పంటకు అంటుకొనిన నిప్పు మొదలగు పల్లెటూరి వ్యవహారముల నడుమ అది కనబడును. గనుక చదువరి దానిని సులభముగా దాటిపోవును. అయినను మనుష్య ప్రాణమును గూర్చి దేవుడు తలంచునదేమో తెలిసికొనగోరువాడు ఆ రెండు వచనముల యొద్ద నిలిచి ఆలోచింపవలెను.

ఆ విధి యిట్టిది. చీకటిలో ఇంటిగోడకు కన్నము వేయువానిని గృహస్థుడు కొట్టగా వాడు మరణించినచో, గృహస్థునిమీద హత్యాదోషము మోపరాదు. కాని తెల్లవారిన పిమ్మట అదే దొంగను అదే గృహస్థుడు చంపినచో ఆ ప్రాణమునకు అతడు ఉత్తరవాది యగును. దొంగ బ్రతికియుండి తాను తీసినదానిని తిరిగి చెల్లింపవలెను; చెల్లించుటకు ఏమియు లేనివాడు దాస్యము చేసియైనను ఋణము తీర్చవలెను.

దొంగ వాడే. ఇల్లు అదే. కఱ్ఱ పట్టిన చేయియు అదే. మారినది వెలుగొక్కటే. ఆ వెలుగు గృహస్థుని నిర్దోషినుండి దోషిగా ఎట్లు మార్చినది? ఈ ప్రశ్నకు లభించు ఉత్తరములో ఆత్మరక్షణ న్యాయమంతయు, రక్షకభటుల ధర్మమంతయు, క్రైస్తవ సంఘపు సాక్ష్యమంతయు ఇమిడియున్నవి.

1. చీకటిలోని గృహస్థుడు

రాత్రివేళ గోడ కదలిన శబ్దమునకు మేల్కొనిన గృహస్థునికి, వచ్చినవాడు కుండలోని గింజలకొరకు వచ్చెనో, పిల్లల గొంతు కోయుటకు వచ్చెనో తెలియదు. వాని చేతిలో ఆయుధమున్నదో లేదో కనబడదు. కేకవేసినను పొరుగువాడు వచ్చులోపల కార్యము ముగిసిపోవచ్చును. అట్టి భయములో ఎత్తిన చేతిని దేవుడు హంతకుని చేయిగా ఎంచలేదు. నిస్సహాయుని భయమును ధర్మశాస్త్రము ఎరుగును. ఇంటివారిని కాపాడుకొనుట పాపమని చెప్పు వేదాంతము లేఖనములనుండి పుట్టినది కాదు.

భారతదేశపు శిక్షాస్మృతియు ఈ విషయమున ఇంచుమించు ఇదే త్రోవను నడచినది. 1837లో మెకాలే అధ్యక్షతన సిద్ధమైన ముసాయిదా 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. అందులో 96 మొదలుకొని 106 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరించెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే నియమములు 34 మొదలుకొని 44 వరకు గల సెక్షన్లలో నిలిచియున్నవి. తన దేహమునే గాక పరుని దేహమును, తన సొత్తునే గాక పరుని సొత్తును కాపాడుటకు ప్రతి మనుష్యునికి హక్కు కలదు. సొత్తు విషయమై ఎదుటివాని ప్రాణము తీయుటవరకు ఆ హక్కు వ్యాపించు సందర్భములు బహు కొద్ది. వాటిలో ఒకటి రాత్రివేళ ఇల్లు పగులగొట్టుట. క్రొత్త సంహితలోని 41వ సెక్షను సూర్యాస్తమయము తరువాత, సూర్యోదయమునకు ముందు అని స్పష్టముగా చెప్పినది. మూడువేల యేండ్లకు పైబడిన సీనాయి విధియందును, నేటి భారతదేశపు చట్టమందును గీటు గీయువాడు సూర్యుడే యగుట గమనింపదగినది.

2. వెలుగులోని దొంగ

తెల్లవారెను. ఇప్పుడు దొంగ ముఖము కనబడుచున్నది. వాని చేతిలో ఏమున్నదో కనబడుచున్నది. పొరుగువారు లేచియున్నారు, గవినియొద్ద పెద్దలు కూర్చుండియున్నారు. వానిని పట్టుకొనవచ్చును, కట్టవచ్చును, న్యాయాధిపతులయొద్దకు తీసికొనిపోవచ్చును. ఇట్టి సమయమున కొట్టి చంపుట భయమువలన గలిగిన క్రియ కాదు, అది పగ. సొత్తు పోయిన కోపమునకు ధర్మశాస్త్రము ప్రాణమును వెలగా కట్టనియ్యలేదు.

ప్రాచీన ప్రపంచమున ఈ మాట చిన్నది కాదు. బబులోను రాజైన హమ్మురాబి శాసనమున కన్నము వేసినవాడు ఆ కన్నము యెదుటనే చంపబడవలెనని కలదు. రాత్రియని పగలని భేదము అందు లేదు. రోమీయుల పండ్రెండు పలకల శాసనమున ఆ భేదము కొంత కనబడును. పగటి దొంగ ఆయుధముతో ఎదిరించిననే గాని వానిని చంపరాదు. మోషే శాసనమందైతే దొంగయు దేవుని స్వరూపమందు చేయబడినవాడే. వాని పాపము వానిని మనుష్యుల జాబితానుండి కొట్టివేయలేదు. వానికి చెల్లింపవలసిన ఋణమున్నది, చెల్లించుటకు బ్రతుకును ఉండవలెను.

దేశ చట్టమును ఈ హద్దునే గీచినది. అపాయము కలుగునన్న భయమునకు తగిన కారణముండవలెను. ఆ అపాయము తీరిపోగానే హక్కును తీరిపోవును. అవసరమునకు మించిన హాని చేయరాదు. అధికారుల సహాయము కోరుటకు వ్యవధి యున్నప్పుడు స్వయముగా చేయిచేసికొను హక్కు లేదు. ఈ చివరి రెండు మాటలును పాత చట్టమున 99వ సెక్షనుగాను, క్రొత్తదానిలో 37వ సెక్షనుగాను ఉన్నవి. పారిపోవు దొంగను వెంబడించి చంపినవాడును, స్తంభమునకు కట్టిన బాలుని ఊరంతయు కూడి కొట్టి చంపినప్పుడు ఒక్క దెబ్బ వేసినవాడును, తాము కాపాడుకొంటిమని చెప్పుకొనజాలరు. సూర్యుడు వారికి విరోధముగా సాక్ష్యమిచ్చును.

మోషే స్వయముగా ఈ పాఠమును కష్టపడి నేర్చినవాడు. ఐగుప్తీయుడొకడు హెబ్రీయుని కొట్టుట చూచి అతడు అడ్డుపడెను. బాధితుని పక్షమున నిలుచుట తప్పు కాదు. కాని కొట్టకమునుపు అతడు ఇటు అటు చూచెను. కొట్టిన తరువాత శవమును ఇసుకలో కప్పెను. వెలుగులోనికి రాగల రక్షణకు ఇసుకతో పనిలేదు. ఇసుక కావలసివచ్చిన చోట ఆ క్రియకు రక్షణయని పేరు పెట్టుటకు సందేహింపవలెను.

3. భిలాయిలో ఒక కిటికీ

ఇంతవరకు చెప్పినది గృహస్థుని హక్కు. ఆ హక్కు ఎంత చిన్నదో ఇప్పుడు చూడవలెను.

దుర్గ్ జిల్లాలోని భిలాయి సోవియట్ సహాయముతో కట్టబడిన ఉక్కు పట్టణము. 1955లో ఒడంబడిక కుదిరెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. ఉత్తరాంధ్ర జిల్లాలనుండి మొదలుకొని నానా ప్రాంతముల తెలుగు కుటుంబములు అక్కడికి వలసపోయి, సెక్టారుల క్వార్టర్లలో కాపురముండి, తమ భాషలో ప్రభువును ఆరాధించుచు వచ్చినవి. కొలిమి ఆరని ఊరు గనుక అక్కడి ఆకాశము రాత్రివేళ సయితము ఎఱ్ఱబారును. నైట్ షిఫ్టునకు పోవువాడు ఇంటి తలుపు వేయించి దేవుని పేరు తలంచి పోవుట అక్కడ నిత్యకృత్యము.

ఆ కర్మాగారమునకు ఇనుపరాయి పంపు దల్లీ రాజహరా గనులలో కాంట్రాక్టు కూలీలకొరకు పనిచేసినవాడు శంకర్ గుహా నియోగి. అక్కడ 1977లో గని కార్మికుల సంఘమును కట్టెను. కార్మికుల స్వంత శ్రమతోను డబ్బుతోను 1983లో షహీద్ ఆసుపత్రి అచ్చట వెలసెను. తరువాత అతడు భిలాయిలోని ప్రైవేటు పరిశ్రమల కాంట్రాక్టు కార్మికులను కూడగట్టుచు, బ్రతుకుటకు చాలిన కూలిని, స్థిరమైన ఉద్యోగమును అడిగెను. తన ప్రాణమునకు అపాయము కలదని తన డైరీలోను, ఒక టేపులోను తెలిపియుంచెను. 1991 సెప్టెంబరు 28న, ఇంకను తెల్లవారకమునుపే, భిలాయిలోని హడ్కో కాలనీ ఇంటిలో నిద్రించుచుండగా కిటికీలోనుండి తుపాకి కాల్చి అతనిని చంపిరి.

అతని తత్వమంతయు క్రైస్తవుడు అంగీకరింపనక్కరలేదు. కాని నిర్గమకాండములోని గృహస్థుని ఇక్కడ గుర్తింపకుండ ఉండజాలడు. చీకటి యున్నది. ఇల్లున్నది. గోడ కన్నమునకు బదులు కిటికీ యున్నది. చట్టమిచ్చు ఆత్మరక్షణ హక్కు ఆ ఘడియలో అతనికి సంపూర్ణముగా ఉన్నది. అయితే నిద్రించువానికి ఆ హక్కు ఏమి అక్కరకు వచ్చును? పసిపిల్లకు, మంచము పట్టిన ముదుసలికి, ఒంటరిగా ఇంటికి నడచు స్త్రీకి, దినకూలికి అది ఎంత అక్కరకు వచ్చును? ఆత్మరక్షణ హక్కు బలవంతుని చేతిలో బలముగాను, బలహీనుని చేతిలో కాగితముగాను ఉండును. కావుననే దేవుడు ప్రతివానిని తన కఱ్ఱకు విడిచిపెట్టక, కీడుచేయువానికి భయంకరుడును మేలుచేయువానికి సేవకుడునైన అధికారిని నియమించెనని పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయమున బోధించెను. పోలీసు ఠాణా ఉండుట నిద్రించువారికొరకు.

ఆ సేవకు వెల కలదు. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద పదిమంది రక్షకభటులు ప్రాణములర్పించిరి. ఏటేట ఆ దినమున దేశము పోలీసు అమరులను స్మరించును. ఛత్తీస్‌గఢ్ దంతెవాడ ప్రాంతమున 2010 ఏప్రిల్ 6న ఒక్క ఉదయముననే 76 మంది జవానులు హతులైరి. ఈ కన్నీరు ఎరుగనివాడు పోలీసుల తప్పిదములను గూర్చి మాటలాడుటకు తగడు.

4. సహస్రాధిపతి విన్న మాట

అపొస్తలుల కార్యముల 23వ అధ్యాయమున ఒక కుట్ర కలదు. పౌలును చంపువరకు అన్నపానములు ముట్టమని నలువదిమందికి పైగా ఒట్టు పెట్టుకొనిరి. ఆ సంగతి పౌలు మేనల్లుని చెవిని బడెను. అతడు కోటలోనికి పోయి చెప్పెను. సహస్రాధిపతియైన క్లౌదియ లూసియ చేసిన మొదటి పని గమనింపదగినది: అతడు ఆ పడుచువానిని చేయిపట్టుకొని ప్రక్కకు తీసికొనిపోయి అడిగెను, వినెను. కుఱ్ఱవాని మాట యని త్రోసివేయలేదు. ఖైదీ బంధువని అనుమానింపలేదు. ఆ రాత్రియే రెండువందలమంది సైనికులు, డెబ్బదిమంది గుఱ్ఱపురౌతులు, రెండువందలమంది ఈటెలవారు ఒక్క ఖైదీని కాపాడుటకు బయలుదేరిరి. నాలుగువందల డెబ్బదిమంది! పౌలు ఆ అధికారి మతస్థుడు కాడు, స్నేహితుడు కాడు. కాని అతని భద్రత తన బాధ్యతయని అన్యుడైన ఆ అధికారి ఎరిగెను.

బెదిరింపు వచ్చినదని చెప్పుకొనుటకు ఠాణా మెట్లెక్కిన బీదవానిని ఈ దేశమున ఎందరు అధికారులు చేయిపట్టుకొని ప్రక్కకు తీసికొనిపోయి విందురు? ఫిర్యాదు వ్రాసికొనుటకే బ్రతిమాలవలసి వచ్చినచోట చీకటి తెల్లవారదు. క్రైస్తవ విశ్వాసియైన కానిస్టేబులు, రైటరు, ఇన్‌స్పెక్టరు తమ బల్లమీద ఈ అధ్యాయమును తెరచియుంచుకొనదగును.

అదే పుస్తకము మరియొక సంగతిని దాచలేదు. ఆ రాత్రి అంత భద్రముగా కైసరయకు చేర్చబడిన పౌలు అక్కడ రెండు సంవత్సరములు తీర్పులేక బంధకములలో ఉండెను. ఏలయనగా అధిపతియైన ఫేలిక్సు లంచము ఆశించెను. ప్రాణము కాపాడిన వ్యవస్థయే కాలమును దొంగిలించెను. 2022 సంవత్సరాంతమునకు భారతదేశపు చెరసాలలలో 5,73,220 మంది ఉండగా వారిలో 4,34,302 మంది తీర్పు వెలువడనివారే. అనగా ప్రతి నలుగురిలో ముగ్గురు. పౌలు కూర్చున్న గది ఇంకను ఖాళీ కాలేదు.

5. కొలనూలు పట్టిన పెద్దలు

నియోగి హత్యకేసు సి.బి.ఐ. చేతికి పోయెను. 1997లో దుర్గ్ సెషన్సు న్యాయస్థానము, కాల్చినవానికి మరణశిక్షను, పారిశ్రామికులతో సహా మరి అయిదుగురికి యావజ్జీవ శిక్షను విధించెను. 1998లో మధ్యప్రదేశ్ హైకోర్టు అందరిని విడుదల చేసెను. 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్చినవానికి మాత్రము యావజ్జీవ శిక్ష విధించి, తక్కినవారి విడుదలను స్థిరపరచెను.

ఇచ్చట విశ్వాసి రెండు మాటలను ఒకేసారి పట్టుకొనవలెను. మొదటిది, సాక్ష్యము చాలక విడువబడినవారిని వీధిలో దోషులని పిలుచుటకు ఎవనికిని అధికారము లేదు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే ప్రాణము తీయరాదని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయము విధించినది. తాము ద్వేషించువారి విషయములోను దానిని మన్నించువారే ధర్మశాస్త్రమును ప్రేమించువారు. రెండవది, న్యాయస్థానపు తలుపు మూయబడినంత మాత్రమున రక్తపు మొఱ్ఱ ఆగదు. చేయి తెలిసినది, దాని వెనుక మరియొక చిత్తమున్నయెడల ఆ చిత్తము ఎవరిదో న్యాయపీఠమునకు రుజువు కాలేదు.

ఇట్టి స్థితికొరకే ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము వ్రాయబడినది. పొలములో ఒకడు హతుడై పడియున్నాడు, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును బయలుదేరి, శవమునుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. దగ్గరి ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను దున్నని లోయకు తీసికొనిపోయి, దాని మెడ విరిచి, పారెడి నీటియొద్ద చేతులు కడుగుకొని, ఈ రక్తము తమ చేతులు చిందింపలేదని దేవునియెదుట ఒప్పుకొని, జనులకు ప్రాయశ్చిత్తము వేడవలెను.

ఆ పెద్దలు హంతకులు కారు. అయినను కొలనూలు పట్టి పొలమునకు రావలసినదే. పట్టపగలు శవముయెదుట నిలువవలసినదే. హంతకుడు ఎవడో తెలియదన్న మాట దగ్గరి ఊరిని విడిపింపదు. పిలాతును చేతులు కడుగుకొనెను. కాని అతడు దూరము కొలువలేదు. పెద్దల ప్రక్షాళనము బాధ్యతను ఒప్పుకొనినది, పిలాతు ప్రక్షాళనము దానిని త్రోసివేసినది. నీళ్లు ఒక్కటే, చేతులు వేరు.

నియోగి చనిపోయిన మరుసటి యేట, 1992 జూలై 1న, భిలాయి పవర్‌హౌస్ రైల్వే స్టేషనులో కార్మికులు కుటుంబములతో పట్టాలమీద కూర్చుండిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. 16 మంది కార్మికులు మరణించిరి. గుంపును చెదరగొట్టుటకు చట్టము అధికారమిచ్చును. కాని గృహస్థునికి గీచిన గీటునే అధికారికిని గీచినది: అవసరమునకు మించరాదు. అధికారియొక్క తుపాకి రాజ్యమిచ్చినది గనుక దానికి గీటు ఇంకను స్పష్టముగా ఉండవలెను. ముప్పది రెండేండ్ల తరువాత, సరిగా అదే జూలై 1న, క్రొత్త న్యాయ సంహిత దేశమున అమలులోనికి వచ్చెను. సెక్షనుల సంఖ్యలు మారినవి. పవర్‌హౌస్ పట్టాలమీద ఒలికిన రక్తమునుండి న్యాయస్థానపు గడపకు ఎంత దూరమో కొలిచిన పెద్దలెవరు?

ఆ స్టేషనునకు కొద్ది మైళ్ల దూరములోనే దుర్గ్ స్టేషను కలదు. 2025 జూలై 25న అక్కడ కేరళకు చెందిన ఇద్దరు కథోలిక సన్యాసినులు మనుష్యుల అక్రమ రవాణా, మతమార్పిడి ఆరోపణలమీద ఒక యువకునితోకూడ నిర్బంధింపబడిరి. ఆగస్టు 2న బిలాస్‌పూర్ న్యాయస్థానము వారికి బెయిలు మంజూరు చేసెను. ఆ దినములలో దేశమంతట క్రైస్తవులు కలతచెంది ప్రార్థించిరి. అది యుక్తము. కాని ఒకే రైలుమార్గముమీద రెండు స్టేషనులున్నవి. ఒకదానియొద్ద తనవారు ఏడ్చినప్పుడు మేల్కొను సంఘము, రెండవదానియొద్ద పరులు పడియున్నప్పుడు నిద్రించినయెడల, దాని కొలనూలు తప్పుడు కొలనూలు. లేవీయుడును యాజకుడును చూచి ప్రక్కగా పోయిరి. దగ్గరకు వచ్చి దూరమును చెరిపివేసినవాడు సమరయుడు.

6. పువ్వులు చల్లిన చేతులు

ఇంకను కఠినమైన పరీక్ష యొకటి తెలుగు దేశముననే జరిగెను. 2019 నవంబరు 27న హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలు అత్యాచారమునకు గురియై చంపబడెను. దేశము కోపముతో మండెను. ఆ కోపము నీతియుక్తమైనది. డిసెంబరు 6న తెల్లవారుజామున, పోలీసుల అధీనములోనున్న నలుగురు నిందితులు చటాన్‌పల్లి వద్ద కాల్చబడి చనిపోయిరి. ఆయుధములు లాగికొని తమపై దాడిచేయగా ఆత్మరక్షణకై కాల్చితిమని పోలీసులు చెప్పిరి. జనులు వారిమీద పువ్వులు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ సంఘము విచారించి, ఆ మాట నమ్మదగినది కాదనియు, చంపవలెనను ఉద్దేశముతోనే కాల్పులు జరిగెననియు అభిప్రాయపడి, పదిమంది పోలీసులమీద హత్యానేరపు విచారణ జరుపవలెనని సిఫారసు చేసెను. ఆ నివేదిక 2022 మేలో వెల్లడియయ్యెను. విచారణ సంఘపు అభిప్రాయము న్యాయస్థానపు తీర్పు కాదు. ఆ పోలీసులకును తమ పక్షమున వాదించుకొను హక్కు కలదు. చనిపోయిన నలుగురికి మాత్రము ఆ హక్కు లేకపోయెను.

2019 డిసెంబరు నెలలోనే మరియొక నివేదిక వెలుగులోనికి వచ్చెను. 2012 జూన్ 28 రాత్రి ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలోని సార్కేగూడ యొద్ద 17 మంది మరణించిరి. తమమీద కాల్పులు జరుగగా ఎదురుకాల్పులు జరిపితిమని భద్రతాదళములు చెప్పినవి. జస్టిస్ వి.కె. అగర్వాల్ సంఘమో, గ్రామస్థులు కాల్చిరనుటకుగాని, చనిపోయినవారు మావోయిస్టులనుటకుగాని రుజువు లేదని తేల్చెను. ఒక నెలలోనే ఒకవైపు పువ్వులు, ఒకవైపు ఈ నివేదిక. చటాన్‌పల్లిలో పువ్వులు అందుకొనిన పద్ధతియే సార్కేగూడకు త్రోవతీయునని గ్రహించువాడు ధన్యుడు. విచారణలేక చంపుటకు దోషులమీద అనుమతి యిచ్చినవాడు, దోషి యెవడో తేల్చు పనినే తుపాకికి అప్పగించుచున్నాడు.

ఇందునిమిత్తమే సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరు 23న ఇచ్చిన తీర్పున, పోలీసు కాల్పులలో మరణము సంభవించినప్పుడెల్ల కేసు నమోదు కావలెననియు, స్వతంత్ర దర్యాప్తును మెజిస్ట్రేటు విచారణయు జరుగవలెననియు నియమించెను. ఇది పోలీసులను అవమానపరచుట కాదు. నిజముగా ప్రాణభయముతో కాల్చిన కానిస్టేబులుకు ఇదియే రక్ష. వాని చేయి ఇసుకలో దాచబడక వెలుగులో శుద్ధియగును. ఒక మనుష్యుని మాట వినక, వాడు చేసినది తెలిసికొనక, ధర్మశాస్త్రము తీర్పు తీర్చునా యని నీకొదేము అడిగినప్పుడు, అతడు యేసు ప్రభువు పక్షమున మాటలాడెను. ఎవని పక్షముననైనను ఆ ప్రశ్న అడుగువాడు తెలిసియో తెలియకయో ఆ ప్రభువు పక్షముననే నిలుచుచున్నాడు.

7. చెంపదెబ్బ తినిన న్యాయాధిపతి

ఒక చెంపమీద కొట్టినవానికి రెండవ చెంప త్రిప్పుమన్న ప్రభువు బోధకును, ఈ న్యాయవిచారణకును పొత్తు కుదరునా యని కొందరు సందేహింతురు. ప్రభువు నడవడియే ఆ బోధకు వ్యాఖ్యానము. ప్రధానయాజకుని యింట ఒక బంట్రౌతు ఆయనను చెంపమీద కొట్టినప్పుడు, ఆయన తిరిగి కొట్టలేదు, మౌనముగాను ఉండలేదు. తాను కానిమాట పలికియుంటే అది కానిదని రుజువు చూపుమనియు, లేనిచో కొట్టుటకు కారణమేమనియు అడిగెను. అనగా పగను విడిచెను గాని ప్రశ్నను విడువలేదు. క్రైస్తవుడు తన నిమిత్తము పగతీర్చుకొనడు. పొరుగువాని నిమిత్తము కారణమడుగుట మానడు. పౌలును ఫిలిప్పీలో విచారణలేక కొట్టబడినప్పుడు, అధికారులే వచ్చి తన్ను వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుబట్టెను. అది గర్వము కాదు. తరువాత ఆ పట్టణమున నిలువవలసిన చిన్న సంఘమునకు అది రక్షణ.

ఆ రాత్రి తోటలో పేతురు కత్తి దూసెను. అదియును చీకటివేళయే; గురువును కాపాడు ఉద్దేశమే. కాని తెగినది మల్కు అను దాసుని చెవి. ఆయన దానిని ముట్టి బాగుచేసెను. సిలువకు ముందు ప్రభువు చేసిన చివరి స్వస్థత తన్ను బంధింపవచ్చిన గుంపులోని వానికి! బంధింపవచ్చినవాని దేహమును సయితము ఆయన తన బాధ్యతగా ఎంచెను.

తరువాత తెల్లవారెను. సాక్షుల మాటలు పొసగలేదు, అధిపతి దోషము కనుగొనలేదు, అయినను జనుల కేకలు గెలిచెను. వెలుగులో ఒక నిర్దోషి చట్టముపేర చంపబడెను. అప్పుడు సూర్యుడే చీకటియయ్యెను. సీనాయి విధిలో సాక్షిగా నిలిచిన సూర్యుడు గొల్గొతా యొద్ద ముఖము కప్పుకొనెను. హేబెలు రక్తము నేలనుండి మొఱ్ఱపెట్టినది. యేసు రక్తము అంతకంటె మేలైన మాట పలుకునని హెబ్రీ పత్రిక చెప్పును. ఆ మేలైన మాట మొదటి మొఱ్ఱను నోరుమూయించునది కాదు. న్యాయము తీర్చుచునే క్షమించుటకు వెల చెల్లించిన మాట అది. ఆయన ఇరుప్రక్కల వ్రేలాడినవారిలో ఒక నేరస్థునికి ఆ దినమే ద్వారము తెరువబడెను. కన్నము వేసినవాని ప్రాణమును పగటివేళ కాపాడుమన్న దేవుడు అట్టివారిలో ఒకనిని తనతోకూడ ఇంటికి తీసికొనిపోయెను.

కావున విశ్వాసి గృహస్థుడైనచో తన యింటిని కాపాడుకొనునుగాక, తెల్లవారగానే చేయి దించునుగాక. రక్షకభటుడైనచో నిద్రించువారికొరకు మేల్కొనునుగాక, తన తుపాకికి లెక్క చెప్పుటకు సిగ్గుపడకుండునుగాక. న్యాయవాదియైనచో ఫేలిక్సు గదిలో మరువబడినవానిని వెదకునుగాక. సంఘపు పెద్దయైనచో కొలనూలు చేతపట్టుకొని పొలమునకు పోవునుగాక. పువ్వుల బుట్ట చేతనున్నచో ఒక క్షణమాగి, తన పువ్వులు ఎవరి రక్తముమీద పడునో చూచునుగాక.

ప్రార్థన: ఇశ్రాయేలును కాపాడుచు కునుకని దేవా, చీకటిలో భయపడువారికి కావలిగా ఉండుము. కావలివారికి కనికరమును హద్దును దయచేయుము. తీర్పు తీర్చువారికి కుఱ్ఱవాని మాట వినగల చెవినిమ్ము. భిలాయి పట్టాలమీదను, అడవి పల్లెలలోను, మా ఊళ్ల పొలిమేరలలోను ఒలికిన రక్తమునుండి మా గుమ్మమునకు గల దూరమును మాకు చూపుము. అన్యాయపు తీర్పున మరణించి, నీతిగల తీర్పరిగా తిరిగి వచ్చుచున్న యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.